నేను పెట్టిన నియమం, పేలని తూటాలు

రియాద్‌లో తుపాకుల దగ్గర పనిచేశానని తెలిసి మా వీధిలో కొందరు నన్ను రిటైరైన మిలటరీ వాడినని అనుకుంటారు. నమస్కారం కూడా కాస్త గట్టిగా పెడతారు. నేను ఫిట్టర్ని. జీవితంలో నేను కాల్చిన తూటాలన్నీ ఇసుక గోడలోకే పోయాయి. నగరం దాటాక ఎడారి రోడ్డు పక్కన ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో పదిహేడేళ్ళపాటు రైఫిళ్ళు విప్పడం, తుడవడం, మళ్ళీ బిగించడం నా పని. ఇప్పుడు అటు బయల్దేరే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, అక్కడ ఏం జాగ్రత్తగా ఉండాలని అడుగుతుంటారు. వాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే. ఇందులో నా గొప్ప సగం, నా తప్పు సగం. తప్పే ఒక పాలు ఎక్కువ.

నేను చేరిన కొత్తలో ఒక సాయంత్రం, ఎవరో సభ్యుడు చాంబర్‌లో, అంటే గొట్టం మొదట తూటా కూర్చునే చోట, తూటా వదిలేసిన రైఫిల్ ఒకటి ఆయుధాల గదిలో పేలింది. తూటా పైకప్పులోకి పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ మా ప్రాణాలు పైకే పోయాయి. మర్నాడే నేనొక నియమం రాసిపెట్టాను. కాల్చడం అయిపోయాక మేగజీన్ తీయాలి, బోల్ట్ లాగి లోపల చూడాలి, తర్వాత గొట్టాన్ని ఇసుక డ్రమ్ములోకి పెట్టి ఖాళీ ట్రిగ్గర్ మూడుసార్లు నొక్కాలి. ఒక్కసారి చాలు నిజానికి. మూడు అన్నది నా సొంత అతిజాగ్రత్త. మా ముదీర్, అంటే మేనేజరు, సైన్యంలో అధికారిగా చేసి వచ్చిన సౌదీ పెద్దమనిషి. ఆయనకు ఆ నియమం ఎంత నచ్చిందంటే అరబీలో, ఇంగ్లీషులో రాయించి అద్దం బిగించి గోడకు పెట్టించాడు. వచ్చినవాళ్ళకు చూపించి, మా ఇండియన్ ఉస్తాద్ పెట్టాడని చెప్పేవాడు. నేను ఆ గోడ ముందు నుంచి రోజుకు నాలుగుసార్లు అవసరం లేకపోయినా నడిచేవాణ్ణి.

తర్వాత చాలా ఏళ్ళకు, నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, క్లబ్బులోకి కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆడవాళ్ళ బ్యాచి కూడా మొదలైంది. పెద్ద రైఫిల్ చప్పుడుకూ అదురుకూ కొత్తవాళ్ళు బెదిరిపోతారు. అందుకని ముదీర్ ఆరు కన్వర్షన్ కిట్లు తెప్పించాడు. పెద్ద రైఫిల్లో ఉన్న బోల్ట్ తీసేసి దాని స్థానంలో, చిన్న తూటాకు సరిపడే చాంబర్ కూడా తనలోనే ఉన్న ఈ కిట్ పెడితే, అదే రైఫిల్ చిన్న పాయింట్ ట్వంటీటూ తూటా కాలుస్తుంది. చప్పుడు తక్కువ, అదురు దాదాపు ఉండదు. నిలబడి కాల్చే వరసలు, అంటే లేన్లు, మా దగ్గర ఆరు. ఆరింటిలోనూ ఆరు రైఫిళ్ళకు బిగించాను. మూడు నెలలు పెళ్ళివారి బండిలా సాఫీగా నడిచింది.

డిసెంబర్‌లో మొదలైంది గొడవ. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంటుంది, పేలదు. మొదట వందకు ఒకటి, తర్వాత ఇరవైకి ఒకటి. జనవరి వచ్చేసరికి ఒక్కో మేగజీన్‌లో రెండేసి. తూటా పేలకపోతే రైఫిల్‌ను ఇసుక గోడకే గురిపెట్టి అర నిమిషం ఆగి, దాన్ని జాగ్రత్తగా తీసి, విడిగా డబ్బాలో వేయాలి. ఆడవాళ్ళ బ్యాచిలో ఒక డాక్టరమ్మ, మీ రైఫిల్ కంటే మా ఇంటి గ్యాస్ లైటర్ నయమని నవ్వుతూ అనేసి పోయింది. ముదీర్ నవ్వలేదు. నన్ను పిలిచి, రెండు రోజుల్లో రిపోర్టు కావాలన్నాడు.

నేను కిట్లన్నీ విప్పాను. స్ప్రింగులు చూశాను, బాగున్నాయి. మసి తుడిచాను. తూటాను కొట్టే పిన్నులు ఒకసారి వేలితో తడిమాను. మేగజీన్లు మార్చాను. ఏ తేడా దొరకలేదు. కిట్లు అమ్మినవాడు ఫోన్లో, తూటాలు చూసుకోండి అన్నాడు. నాకు ఆ మాట తీపిగా వినిపించింది, ఎందుకంటే అది నా వైపు వేలు చూపించడం లేదు. కిట్లలో లోపం లేదు, తూటాలు చెడిపోయి ఉండవచ్చు అని రాసి సంతకం పెట్టాను. రెండు వాక్యాల రిపోర్టు. అంత తేలిగ్గా నేను ఒక తాళం కూడా బాగుచేసి ఇవ్వలేదు ఎప్పుడూ.

తూటాలంటే స్టోరు, స్టోరంటే మా స్టోర్‌కీపర్. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. నాకంటే ఆరేళ్ళు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. కరీంనగర్ వైపు నా మాటనూ, అతని ఉర్దూ కలిసిన తెలుగునూ విని క్లబ్బులో మలయాళీలు మాది ఒకే భాషేనా అని అనుమానపడేవాళ్ళు. ముదీర్ అతన్ని పిలిచి అడిగాడు. అతను దాచలేదు. ఆగస్టులో తూటాల పెట్టెలు వచ్చిన రోజు శుక్రవారం, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు లేడు, మధ్యాహ్నం దాకా పెట్టెలు ఎండలోనే ఉన్నాయి అని ఒప్పేసుకున్నాడు. కానీ స్టోరు కాగితంలో మాత్రం, వచ్చిన వెంటనే ఏసీ గదిలో పెట్టినట్టు సంతకం ఉంది. అది అతని సంతకమే. ముదీర్‌కు తూటాల కంటే ఆ సంతకం మీద కోపం వచ్చింది. ఉద్యోగం తీసేసి దేశం నుంచి పంపేసే ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు వచ్చే గురువారం పంపిస్తానన్నాడు.

ఫైనల్ ఎగ్జిట్ అంటే ఒక్కడు విమానం ఎక్కడం కాదు. అతని ఇకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి, దాని మీదే భార్యా కూతురూ రియాద్‌లో ఉన్నారు. అతనిది పోతే వాళ్ళదీ పోతుంది. కూతురు అక్కడి ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి. బోర్డు పరీక్షలకు మూడు వారాలుంది. అడ్మిట్ కార్డు ఆ స్కూలు పేరున వచ్చేసింది. ఇప్పుడు పోతే ఆ అమ్మాయికి ఏడాది పోయినట్టే.

ఆదివారం అతను వర్క్‌షాపుకు వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు. నా రిపోర్టు సంగతి అతనికి తెలుసు. కోపంగా వస్తే నాకూ తేలికయ్యేది.

"అన్నా, ఒక్క మాట అడుగుత. నిజంగ నా తూటాలదేనా గల్తీ?"

"చూసి రాసిన భాయ్. కిట్లల్ల ఏం దొరకలే."

"నువ్వు చూస్తే ఇగ అదే అయి ఉంటది. ఆ దినం ఎండ మస్తు ఉండె. నేనే చూసుకోవాలె." లేచి, స్టూలు బల్ల కిందికి నెట్టాడు. "బిటియా ఏడాదంత చదివింది అన్నా. ఆమెకు ఏమని చెప్పాలె, అదే సమజ్ అయితలేదు."

అతను వెళ్ళాక నాకు పని మీద చేతులు పోలేదు. నేను నిజంగా చూశానా? నువ్వు చూస్తే అంతే అనే మనిషి ముందు, ఆ రెండు వాక్యాలు నాకే సిగ్గు పుట్టించాయి. ఆ ఆదివారమే మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఫిట్టర్‌లాగా.

మా దగ్గర పాత సింగిల్ షాట్ రైఫిల్ ఒకటి ఉంది, పుట్టుకతోనే చిన్న తూటా కోసం చేసినది. ఎవరూ వాడరు, అల్మారాలో మూలకు ఉంటుంది. ఆగస్టు పెట్టెలోంచి యాభై తూటాలు దానితో కాల్చాను. యాభైకి యాభై పేలాయి. అంటే ఎండ వాటినేమీ చేయలేదు. తర్వాత పేలని తూటాల డబ్బా తెచ్చాను. ఈసారి దెబ్బ కొత్తచోట పడాలని, ఒక్కోదాన్ని దెబ్బ తిన్న అంచు కిందికి వచ్చేలా తిప్పి అదే పాత రైఫిల్లో పెట్టాను. వాటిలో కూడా చాలావరకు పేలాయి. కిట్లు కొట్టిన గుంటలు భూతద్దంతో చూస్తే, పిల్లాడు గోటితో గీసినట్టున్నాయి. లోతు లేదు. జబ్బు నా వైపే ఉందని అర్థమైంది కానీ ఎక్కడుందో తెలియలేదు.

సోమవారం సాయంత్రం తెలిసింది. కాల్పులు ముగిసి, ఒక్కో లేన్‌కు ఒక్కడు చొప్పున ఉండే మా పనివాళ్ళు రైఫిళ్ళు సర్దుతున్నారు. నేను వెనక నిలబడి ఉన్నాను. నా నియమం ప్రకారం ఇసుక డ్రమ్ముల దగ్గర టిక్కు టిక్కు టిక్కు. అయిదు లేన్లలోనే. నాలుగో లేన్ దగ్గర ఎప్పటిలాగే చప్పుడు లేదు. అక్కడ ఉండేవాడు పెషావర్ వైపు పఠాన్, ఒళ్ళు వంచడం బొత్తిగా ఇష్టం లేని మనిషి. రోజూ తిట్లు తినేది ఒక్కడే, రోజూ నవ్వేది ఒక్కడే.

"ఖాన్ సాబ్, టిక్ క్యోం నహీ కియా?" అని, టిక్కు ఎందుకు కొట్టలేదని మొదలుపెట్టాను.

"ఉస్తాద్, ఆంఖ్ సే దేఖ్ లియా, ఉంగ్లీ సే దేఖ్ లియా. ఖాళీ హై. ఫిర్ బేచారీ కో క్యోం మారూఁ?" అన్నాడు. కంటితో చూశాను, వేలితో చూశాను, ఖాళీగా ఉంది, మళ్ళీ పాపం దాన్నెందుకు కొట్టాలి అని.

తిట్టడం పక్కన పెట్టాను. పరుగున పోయి లేన్ రిజిస్టరు తీశాను. నెల రోజులుగా నాలుగో లేన్‌లో పేలని తూటాలు రెండంటే రెండు. మిగతా అయిదు లేన్లూ పేజీలు నిండి ఉన్నాయి.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. పెద్ద తూటాకు నిప్పు అంటుకునే చోటు అడుగున సరిగ్గా మధ్యలో ఉంటుంది. అందుకే ఆ రైఫిల్లో తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కినా పిన్ను గాల్లోకే పోతుంది, నష్టం లేదు. చిన్న తూటాకు ఆ మందు అడుగున చుట్టూ ఉన్న అంచులో ఉంటుంది. పిన్ను వచ్చి ఆ అంచును చాంబర్ నోటికేసి నలిపితేనే నిప్పు. మరి తూటా లేకపోతే? పిన్ను నేరుగా పోయి చాంబర్ ఉక్కునే కొడుతుంది. ఒకటి రెండు దెబ్బలకు ఏమీ కాదు. కానీ ప్రతి బ్యాచి తర్వాతా మూడేసి సార్లు, నెలల తరబడి కొడితే చాంబర్ నోటి దగ్గర గుంట పడుతుంది, పిన్ను ముక్కు మొద్దుబారుతుంది. ఆ తర్వాత అసలు తూటా పెట్టినా అంచు కింద ఆనుకోవడానికి ఉక్కు ఉండదు. దెబ్బ గుంటలోకి పోతుంది.

నాలుగో లేన్ కిట్ విప్పి భూతద్దం పెట్టాను. చాంబర్ నోరు కొత్తగా, శుభ్రంగా ఉంది. మిగతా అయిదింటికీ ఒకే చోట, ఒకేలాంటి గుంట. గోడ మీద అద్దంలో ఉన్న నా నియమం అక్షరం పొల్లుపోకుండా పాటించినవాళ్ళ కిట్లు పాడయ్యాయి, పాటించని బద్ధకస్తుడిది బాగుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కిట్లు వచ్చిన రోజున నేను ఒక్క క్షణం ఆలోచించి, వీటికి ఖాళీ ట్రిగ్గర్ వద్దు అని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. పెద్ద రైఫిల్ అలవాటును చిన్న తూటా నెత్తిన పెట్టాను.

మీకు నిజం చెప్పాలి కదా. మంగళవారమంతా నేను ఎవరికీ చెప్పలేదు. గుట్టుగా చాంబర్లు సరిచేసి, పిన్నులు మార్చేస్తే గొడవ దానంతటదే ఆగుతుంది, కొత్త తూటాలతో బాగైందని అందరూ అనుకుంటారు. ఆ ఆలోచన నాకు వచ్చింది. వచ్చి కూర్చుంది కూడా. పదిహేనేళ్ళ పేరు, గోడ మీద అద్దం, ఇంకో రెండేళ్ళలో రిటైర్మెంట్. అన్నీ ఒకవైపే లాగాయి.

మధ్యాహ్నం స్టోర్‌కీపర్ బగారా అన్నం, ఖట్టీ దాల్ తెచ్చి ఎప్పటిలాగే నాకూ పెట్టాడు. తింటూ అన్నాడు, "ఫ్రిజ్ అమ్ముత అని గ్రూపుల పెట్టిన అన్నా. బిటియా అడుగుతుంది, అబ్బా, మీరు పోండి, నేను ఫ్రెండ్ ఇంట్ల ఉండి పరీక్ష రాస్త అని. ఇకామా లేకుంట ఎట్ల ఉంటది? ఆ పిల్లకు ఇవన్ని తెల్వయి." తర్వాత ఇంకా కొంచెం దాల్ వేసుకోమని నా వైపు గిన్నె జరిపాడు.

కిట్లు బాగుచేసినంత మాత్రాన ఇతను మిగలడు. నిజం చెబితేనే మిగులుతాడు. అప్పటికి చెప్పలేకపోయాను, నీళ్ళు తాగి లేచాను.

బుధవారం పొద్దున్నే ముదీర్ గదికి వెళ్ళి ఒక కిట్టూ, భూతద్దమూ ఆయన బల్ల మీద పెట్టాను. నా వచ్చీరాని ఇంగ్లీషులో మొత్తం చెప్పాను. తూటాలది తప్పు కాదన్నాను. నా రిపోర్టు తప్పన్నాను. అసలు కారణం నా నియమమే అన్నాను. ఆయన భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"అంటే నెలల తరబడి నా కిట్లను మనమే కొట్టుకున్నామా?"

"అవును సార్. నేనే కొట్టించాను."

"స్టోర్‌కీపర్ నీ మనిషి కాబట్టి అతన్ని కాపాడుతున్నావా?"

"కాపాడితే మొదటి రోజే కాపాడేవాణ్ణి సార్. నేనే ఇరికించాను. రేపు పొద్దున వరకు టైమివ్వండి, ఆగస్టు తూటాలతోనే కాల్చి చూపిస్తాను."

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు. "ఆరు రైఫిళ్ళు, పదేసి తూటాలు. పెట్టె నేను తీస్తాను. ఒక్కటి ఆగినా కాగితాలు వెళ్తాయి. రెండు పేర్లతో వెళ్తాయి" అన్నాడు.

ఆ రోజు నేను చేసిన పని నా సర్వీసులో ఎప్పుడూ చేయలేదు. లేత్ మీద గట్టి ఉక్కు కడ్డీ నుంచి బొటనవేలంత పనిముట్టు తిప్పాను, ముందు సన్నగా, వెనక లావుగా. దాన్ని కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచాను. దాన్ని చాంబర్ నోట్లోకి మెల్లగా నొక్కుతూ తిప్పితే, దెబ్బలకు లోపలికి జరిగిన ఉక్కు మళ్ళీ తన చోటికి వస్తుంది. తోసేసిన ఉక్కును తిరిగి తేవడమే తప్ప గీకేయడం కాదు. గీకితే కిట్ పోతుంది. అయిదు కిట్లకూ అలా చేసి, మొద్దుబారిన పిన్నులు తీసి కొత్తవి వేశాను. అది నా పనితనం అని గర్వంగానే చెబుతున్నాను.

గురువారం ఎనిమిదింటికి ముదీర్ స్టోరులోకి స్వయంగా వెళ్ళి, ఆగస్టు పెట్టెల్లో అడుగున ఉన్నదాన్ని లాగించాడు. లేన్ల దగ్గరికి వచ్చి, ఎవరు కాలుస్తారని నేను అడిగితే స్టోర్‌కీపర్ వైపు చూపించాడు.

అతను బిక్కచచ్చిపోయాడు. "నేను ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ పట్టలే అన్నా. డబ్బాలు లెక్కవెట్టుడే నా పని."

"నేను పక్కనే ఉంట భాయ్. భుజానికి ఆనించుకో. కండ్లు మూసుకోకు, అంతే."

మొదటిది పేలింది. అతను అదిరిపడి నా వైపు చూశాడు. రెండోది, మూడోది. మొదటి రైఫిల్ పదీ అయ్యాయి. రెండో రైఫిల్ పది. ఖాళీ గుండ్ల తొడుగులు నేల మీద టపటపా పడుతుంటే, ముదీర్ ప్రతిదానికీ తన జపమాల పూస ఒకటి జరుపుతున్నాడు. మూడు, నాలుగు రైఫిళ్ళు అయ్యాయి. నలభై. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అయిదో రైఫిల్లో తొమ్మిదోది పేలింది. పదోదానికి టిక్కుమంది.

స్టోర్‌కీపర్ పెదవులు ఏదో చదువుతున్నట్టు కదిలాయి. ముదీర్ పూస జరపలేదు. నిబంధన ప్రకారం అర నిమిషం ఆగాలి. ఆ అర నిమిషంలో నేను ఇద్దరి సామానూ కట్టేశాను మనసులో. తర్వాత పఠాన్ ముందుకు వచ్చి మేగజీన్ తీసి, బోల్ట్ లాగి, కంటితో చూసి, వేలితో చూసి, తల గోక్కున్నాడు.

"ఉస్తాద్, ఖాళీ హై."

అన్ని మేగజీన్లూ నింపింది అతనే. అయిదోదాంట్లో తొమ్మిది నింపి పది అనుకున్నాడు. మర్యాదగా జేబులో చెయ్యి పెట్టి, మిగిలిపోయిన పదో తూటా తీసి ముదీర్ అరచేతిలో పెట్టాడు. ముదీర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, స్వయంగా తీసుకెళ్ళి మేగజీన్‌లో పెట్టాడు. అది పేలింది. ఆరో రైఫిల్ పది కూడా ఆగకుండా పేలాయి. అప్పుడు పఠాన్ స్టోర్‌కీపర్‌ను నడుము పట్టి నేల మీద నుంచి లేపేశాడు. మళ్ళీ కింద పెట్టేసరికి అతను ఏడుస్తున్నాడు. నేనూ అంతే, అందులో దాచుకోవడానికేముంది.

ముదీర్ అక్కడి నుంచే ఆఫీసుకు ఫోన్ చేసి, స్టోర్‌కీపర్ కాగితాలు ఆపేయమన్నాడు. తప్పుడు సంతకానికి అతనికో హెచ్చరిక లేఖ, తప్పుడు రిపోర్టుకు నాకో హెచ్చరిక లేఖ. రెండూ న్యాయమే. కిట్ రైఫిళ్ళకు ఇకమీద ఖాళీ ట్రిగ్గర్ వద్దని, చాంబర్‌లో పసుపుపచ్చ ప్లాస్టిక్ ముక్క పెట్టి ఖాళీ అని చూపించాలని నా చేతే రాయించాడు. కొత్త నియమం మొదటి రోజు నుంచీ పాటించినవాడు తానేనని పఠాన్ చాలా కాలం చెప్పుకున్నాడు.

ఆ గురువారం ముదీర్ ఫోన్ పెట్టేసేలోగా స్టోర్‌కీపర్ కళ్ళు తుడుచుకుని, టార్గెట్ కాగితం తెస్తానని ఇసుక గోడ వైపు నడిచాడు. ఎంత బాగా కాల్చానో చూసుకోవాలని అతని ఆశ. వెనక్కి వచ్చేటప్పుడు ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తూ వచ్చాడు. అరవై తూటాల్లో ఒక్కటీ కాగితానికి తగల్లేదు. కనీసం మూలకైనా తగల్లేదు. అతను సిగ్గుపడి దాన్ని మడవబోతే ముదీర్ అందుకున్నాడు, నా జేబులోంచి పెన్ను తీసుకుని, తెల్లగా ఉన్న ఆ కాగితం మధ్యలో అరవైకి అరవై అని అరబీలో రాసి కింద సంతకం పెట్టాడు.

"ఇది నీ కూతురికి ఇవ్వు. పరీక్ష బాగా రాయమను" అన్నాడు.

ఆ అమ్మాయి రాసింది. ఆ క్లబ్బులో పెద్ద పెద్ద షూటర్లు ఎందరో వచ్చారు, కప్పులు గెలిచి పోయారు. ఒక్క చిల్లు కూడా లేని టార్గెట్ మీద ముదీర్ సంతకం సంపాదించినవాడు మాత్రం మా స్టోర్‌కీపర్ ఒక్కడే.